చక్కెర పెరిగితే ఎర్రకణం ఉబ్బుతుందా?

సీబీపీలో ఎంసీవీ ఎక్కువగా వస్తే అదే రోజు చక్కెర ఎంతుందో చూడాలి

మధుమేహం అదుపు తప్పి ఆసుపత్రిలో చేరినవారికి తొలి గంటలోనే చేసే పరీక్షల్లో రెండు ముఖ్యమైనవి. ఒకటి రక్తంలో చక్కెర, రెండోది సీబీపీగా అందరికీ తెలిసిన సంపూర్ణ రక్త పరీక్ష. మొదటి కాగితంలో చక్కెర డెసిలీటరుకు 700 మిల్లీగ్రాములని ఉంటుంది. రెండో కాగితంలో ఎంసీవీ అనే వరుసలో 100కు మించిన అంకె, దాని పక్కన పైకి చూపే బాణం గుర్తు కనిపిస్తాయి. ఎర్రరక్త కణాల సగటు పరిమాణం ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉందని దాని భావం. 'చక్కెరతో పాటు రక్తమూ చెడిందా' అని రోగి వెంట వచ్చినవారు కలవరపడటం సహజం. అయితే ఇటువంటి సందర్భాల్లో చాలాసార్లు ఆ కణాలు రోగి శరీరంలో ఉన్నంతసేపూ మామూలు పరిమాణంలోనే ఉంటాయి. యంత్రంలోకి వెళ్లిన తర్వాతే ఉబ్బుతాయి.

రక్తశాస్త్ర గ్రంథాల్లో ఈ సంగతి దశాబ్దాలుగా ఉన్నదే. అయినా నివేదిక కాగితంపై ఆ వివరణ అచ్చు కాదు, అంకె ఒక్కటే వస్తుంది. దాన్ని చదివేవారికి కారణం తెలియకపోతే లేని రోగం కోసం వెదుకులాట మొదలవుతుంది. అంతకన్నా నష్టమేమిటంటే, ఉన్న రోగం ఒక్కోసారి మరుగున పడిపోతుంది.

ఇన్సులిన్ అక్కర్లేని ద్వారం

ఎర్రకణం 7 నుంచి 8 మైక్రాన్ల వ్యాసం గల, రెండు వైపులా నొక్కినట్లుండే బిళ్ల. పరిణతి చెందిన కణంలో కేంద్రకం ఉండదు. శక్తిని ఉత్పత్తి చేసే మైటోకాండ్రియా కూడా ఉండవు. ఉన్న సుమారు 120 రోజుల ఆయుష్షూ అది చక్కెరపైనే ఆధారపడి గడపాలి. అందుకే దాని పొరలో గ్లూట్-1 అనే వాహక ప్రోటీను సమృద్ధిగా ఉంటుంది. కండరాల్లోకి, కొవ్వు కణాల్లోకి చక్కెర ధారాళంగా ప్రవేశించాలంటే ఇన్సులిన్ తోడ్పాటు కావాలి. ఎర్రకణానికి ఆ అవసరం లేదు. బయటి ద్రవంలో చక్కెర ఎంత గాఢతలో ఉందో లోపల కూడా దాదాపు అంతే ఉండేలా ఈ ద్వారం గుండా రాకపోకలు సాగుతుంటాయి.

కాబట్టి రోగి రక్తంలో చక్కెర గంటల తరబడి, రోజుల తరబడి పెరుగుతూ వచ్చినప్పుడు ఎర్రకణం లోపల కూడా అదే మోతాదులో పెరుగుతుంది. లోపలి గాఢత, బయటి గాఢత సరితూగినంత కాలం నీరు ఎటూ కదలదు. కణం పరిమాణం చెప్పుకోదగ్గంత మారదు. రక్తనాళాల్లో ఉన్నంతవరకు చిక్కు లేదన్నమాట.

చిక్కంతా ఆ రక్తాన్ని గొట్టంలోకి తీసి యంత్రానికి అందించినప్పుడు మొదలవుతుంది.

యంత్రం ఎలా కొలుస్తుంది?

అమెరికాలో పనిచేసిన రక్తశాస్త్ర వైద్యుడు మాక్స్‌వెల్ వింట్రోబ్ 1929లో ఒక సన్నని గొట్టాన్ని ప్రతిపాదించారు. అందులో రక్తం పోసి వేగంగా తిప్పితే బరువైన ఎర్రకణాలు అడుగున పేరుకుంటాయి. మొత్తం రక్తంలో వాటి వాటా ఎంతో కొలబద్దపై చూసి చెప్పవచ్చు. దాన్నే హెమటోక్రిట్ లేదా పీసీవీ అంటారు. ఆ వాటాను కణాల సంఖ్యతో భాగిస్తే ఒక్కో కణం సగటు పరిమాణం, అనగా ఎంసీవీ తేలుతుంది. పూర్వం ఎంసీవీ ఇలా లెక్కకట్టి రాబట్టిన అంకె.

అమెరికా ఇంజినీరు వాలెస్ కౌల్టర్ 1953లో పేటెంటు పొందిన పద్ధతితో ఈ క్రమం తలకిందులైంది. రక్తాన్ని ఉప్పునీటి వంటి ద్రావణంలో బాగా పలుచన చేసి, విద్యుత్తు ప్రవహిస్తున్న సన్నని రంధ్రం గుండా కణాలను ఒక్కొక్కటిగా పంపుతారు. కణం దాటినప్పుడల్లా విద్యుత్తుకు క్షణకాలం అడ్డు తగులుతుంది. అడ్డు ఎన్నిసార్లు తగిలిందో కణాల సంఖ్య అంత. అడ్డు ఎంత పెద్దదో కణం అంత పెద్దది. నేటి జిల్లా ఆసుపత్రుల్లోనూ, పట్టణాల్లోని ల్యాబుల్లోనూ ఉన్న కౌంటర్లు చాలావరకు ఈ సూత్రంపైనే పనిచేస్తాయి. వీటిలో ఎంసీవీ నేరుగా కొలిచిన అంకె, హెమటోక్రిట్ దాన్నుంచి లెక్కకట్టిన అంకె. ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకుంటే మిగిలినదంతా సులభంగా బోధపడుతుంది.

పలుచన చేసే ద్రావణాన్ని ఆరోగ్యవంతుని రక్తపు గాఢతకు సరిపోయేలా తయారు చేస్తారు. అది కిలోకు 285 నుంచి 295 మిల్లీఆస్మోల్ వరకు ఉంటుంది. చక్కెర 600 దాటిన వ్యక్తి కణంలో ఒక్క చక్కెర రూపంలోనే 33 మిల్లీఆస్మోళ్ల గాఢత ఉంటుంది. మామూలు మనిషిలో అది 5 లేదా 6 మాత్రమే. అంతటి చిక్కని సరుకుతో నిండిన కణాన్ని ఒక్కసారిగా పలుచని ద్రావణంలో పడవేస్తే ఏమవుతుంది? చక్కెర బయటకు రావడానికి కొంత వ్యవధి కావాలి. నీటికి ఆ వ్యవధి అక్కర్లేదు. క్షణంలో లోపలికి దూసుకుపోతుంది. పాయసంలో వేసిన ఎండుద్రాక్ష ఉబ్బినట్లే కణం ఉబ్బుతుంది. ఉప్పు చల్లిన మామిడి ముక్క ఊట దిగడం కూడా ఇదే ద్రవాభిసరణ సూత్రమే, కాకపోతే అక్కడ నీటి ప్రయాణం ఎదురు దిశలో.

సరిగ్గా ఆ ఉబ్బిన క్షణంలోనే యంత్రం కణాన్ని కొలుస్తుంది. కొలతలో యంత్రం పొరబడిందనడానికి లేదు. తన ముందుకు వచ్చిన కణం నిజంగానే పెద్దది. ఆ కణం రోగి ఒంట్లో అలా లేదన్నది మాత్రం దానికి తెలియదు.

అంకెల్లో చూస్తే

ఒక రోగికి హిమోగ్లోబిన్ 12 గ్రాములు, ఎర్రకణాలు ఘన మిల్లీమీటరుకు 40 లక్షలు, అసలు ఎంసీవీ 90 ఫెమ్టోలీటర్లు అనుకుందాం. లీటరును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ పదిగా విభజిస్తే వచ్చేది ఒక ఫెమ్టోలీటరు. పెద్దల్లో ఎంసీవీ 80 నుంచి 100 మధ్య ఉండటం సాధారణం. ఈ రోగి అసలు హెమటోక్రిట్ 36 శాతం. కణాల్లో హిమోగ్లోబిన్ చిక్కదనాన్ని తెలిపే ఎంసీహెచ్‌సీ 33 పైచిలుకు. అన్నీ సక్రమమే.

ఇప్పుడు చక్కెర కారణంగా యంత్రంలో కణం ఉబ్బి ఎంసీవీ 100గా నమోదైందనుకుందాం. కణాల సంఖ్య మారదు. యంత్రం ఆ రెంటినీ గుణించి హెమటోక్రిట్ 40 శాతమని చూపుతుంది. హిమోగ్లోబిన్‌ను కణాలను పగులగొట్టి విడిగా కొలుస్తారు గనుక అది 12 గానే నిలుస్తుంది. ఆ 12ను 40తో భాగిస్తే ఎంసీహెచ్‌సీ 30కి దిగజారుతుంది. ఒక్క ఎంసీవీ జరగడంతో మూడు అంకెలు స్థానం తప్పాయి. హిమోగ్లోబిన్, కణాల సంఖ్య ఈ రెండూ నమ్మదగినవిగానే మిగిలాయి.

అనుభవజ్ఞులైన టెక్నీషియన్లు దీన్ని పసిగట్టేది ఈ పొంతన లేనితనంతోనే. కణాలు మామూలు పరిమాణంలో ఉన్నప్పుడు హిమోగ్లోబిన్‌ను మూడుతో గుణిస్తే హెమటోక్రిట్‌కు దగ్గరగా రావాలి. పై ఉదాహరణలో 36 రావాల్సింది 40 వచ్చింది. పైగా కణాలు పెద్దవై ఉండి ఎంసీహెచ్‌సీ తక్కువ కావడం అరుదైన జోడీ. బీ12 లోపంలో కణం పెద్దదైనా హిమోగ్లోబిన్ చిక్కదనం సాధారణంగా తగ్గదు.

ఇలా అనుమానం కలిగినప్పుడు ల్యాబులో చేయగలిగిన పని పెద్ద ఖర్చుతో కూడినది కాదు. రక్తాన్ని ముందుగా అదే ద్రావణంతో కొద్దిగా పలుచన చేసి కొన్ని నిమిషాలు పక్కన ఉంచుతారు. ఈలోగా కణంలోని అదనపు చక్కెర గ్లూట్-1 ద్వారం గుండా బయటికి వచ్చేస్తుంది, వెంట నీరూ వస్తుంది, కణం యథాస్థితికి చేరుతుంది. అప్పుడు యంత్రంలో పెడితే ఎంసీవీ సరిగా వస్తుంది. మరో మార్గం పాత పద్ధతిలో సన్నని గాజు గొట్టంలో రక్తం నింపి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పడం. పలుచన చేసే పనే లేదు కాబట్టి అక్కడ కణం ఉబ్బదు. మూల పడేసిన పాత సెంట్రిఫ్యూజ్ ఈ ఒక్క విషయంలో లక్షల రూపాయల కౌంటర్ కన్నా నిజం చెబుతుందంటే ఆశ్చర్యమే.

అందరు మధుమేహులకూ ఇలా జరుగుతుందా అంటే, లేదు. చక్కెర 200, 250 ఉన్నవారిలో ఈ ప్రభావం గుర్తించదగ్గంతగా ఉండదు. సాధారణంగా 600, ఆపైకి చేరినవారిలోనే స్పష్టంగా బయటపడుతుంది. రక్తంలో సోడియం విపరీతంగా పెరిగినవారిలోనూ ఇదే తరహా ఉబ్బు కనిపిస్తుంది.

మరుగున పడే రక్తహీనత

మన ప్రాంతానికి సంబంధించి అసలు ఆందోళన ఇక్కడుంది. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మరోవైపు భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో మధుమేహుల సంఖ్యను 10 కోట్లకు పైగా అంచనా వేసింది. ఈ రెండు సమూహాలూ వేర్వేరు కావు. ఇనుము లోపమూ మధుమేహమూ ఒకే మనిషిలో ఉండటం మన ఆసుపత్రుల్లో నిత్యం చూసేదే.

ఇనుము లోపానికి తొలి ఆధారాల్లో ఒకటి ఎంసీవీ 80 కన్నా తగ్గడం. అసలు ఎంసీవీ 76 ఉన్న స్త్రీకి చక్కెర 700 ఉన్న రోజున రక్తం తీశారనుకోండి. యంత్రంలో కణం ఉబ్బి 84గా నమోదైతే నివేదికలో బాణం గుర్తే ఉండదు. ఎర్రకణాలు మామూలు పరిమాణంలో ఉన్నాయని వైద్యుడు భావిస్తే ఇనుము పరీక్ష రాయరు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉన్నా దాన్ని మధుమేహం వల్లనో, మూత్రపిండాల బలహీనత వల్లనో వచ్చిందని సరిపెట్టుకునే వీలుంది. పెద్ద కణాలున్నట్లు తప్పుగా చూపడం కన్నా, చిన్న కణాలను మామూలువిగా చూపడమే ఎక్కువ హానికరమని చెప్పాలి. మొదటిదానిలో కనీసం ప్రశ్న పుడుతుంది, రెండోదానిలో అదీ పుట్టదు.

అత్యవసర స్థితిలో మరో గందరగోళం ఉంది. చక్కెర అంతగా పెరిగినవారు విపరీతంగా మూత్రం పోయి, ఒంట్లో నీరు ఇంకిపోయి వస్తారు. నీరు తగ్గితే రక్తం చిక్కబడి హెమటోక్రిట్ నిజంగానే పెరుగుతుంది. దానికి యంత్రంలోని ఉబ్బు తోడై మరికొంత పెరిగినట్లు కనిపిస్తుంది. సెలైన్, ఇన్సులిన్ ఇచ్చాక మరునాటికి రెండు కారణాలూ తొలగి హెమటోక్రిట్ ఒక్కసారిగా పడిపోతుంది. లోపలెక్కడో రక్తస్రావం అవుతోందా అన్న సందేహం వైద్యునికి రావచ్చు. ఇటువంటప్పుడు హెమటోక్రిట్ కన్నా హిమోగ్లోబిన్ అంకెను పోల్చి చూడటం మేలు. అదేవిధంగా ఎంసీవీ రాత్రికి రాత్రి పది అంకెలు తగ్గిందంటే, రక్తం ఎక్కించి ఉండకపోతే, అది కొలతలో తేడాయే. మజ్జలో పుట్టే కొత్త కణాలు పాతవాటి స్థానంలోకి రావడానికి వారాలు, నెలలు పడుతుంది.

నిజంగా పెరిగే సందర్భాలు

మధుమేహుల్లో ఎంసీవీ పెరిగితే ప్రతిసారీ యంత్రంపైకి నెట్టడం కూడా సరికాదు. మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడినవారిలో కొందరికి బీ12 విటమిన్ తగ్గుతుంది. ఆ లోపం ముదిరితే ఎర్రకణాలు మజ్జలోనే పెద్దవిగా తయారవుతాయి. కాళ్లలో తిమ్మిర్లు, మంటలు కూడా రావచ్చు. వాటిని మధుమేహం వల్ల వచ్చే నరాల జబ్బుగా పొరబడటం తేలిక. 2022లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ మెట్‌ఫార్మిన్ వాడేవారిలో లక్షణాలున్నవారికి, ముప్పు ఎక్కువగా ఉన్నవారికి బీ12 పరీక్ష చేయాలని వైద్యులకు సూచించింది. పాలు, పెరుగు కూడా సరిగా తీసుకోని శాకాహారులు ఈ విషయంలో మరింత జాగరూకులై ఉండాలి. అలాగని ఎవరూ మాత్ర సొంతంగా మానరాదు. మద్యపానం, కాలేయ వ్యాధి, థైరాయిడ్ లోపం కూడా ఎంసీవీని నిజంగా పెంచేవే.

తేడా తెలుసుకోవడానికి చక్కెర అదుపులోకి వచ్చాక సీబీపీ మళ్లీ చేయిస్తే సరిపోతుంది. అప్పటికీ ఎంసీవీ ఎక్కువగానే ఉంటే అది కణంలోని తేడా. మామూలుకు వచ్చేస్తే అది కొలతలోని తేడా.

ఎర్రకణం చక్కెర కొలతను మార్చినప్పుడు

చక్కెర ఎర్రకణం కొలతను తారుమారు చేసినట్లే, ఎర్రకణం కూడా చక్కెర కొలతను తారుమారు చేస్తుంది. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షకు మూలం హిమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరే. మధుమేహుల హిమోగ్లోబిన్‌లో ఈ తేడాను ఇరాన్ శాస్త్రవేత్త శామ్యూల్ రహ్‌బర్ 1968లో గుర్తించారు. 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహంగా నిర్ధారించవచ్చని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఈ లెక్క ఎర్రకణం తన పూర్తి ఆయుష్షు బతుకుతుందన్న నమ్మకంపై నిలిచింది. కణాలు త్వరగా నశించే వ్యాధుల్లో, ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారిలో అంకె ఉండాల్సిన దానికన్నా తక్కువ చూపవచ్చు. ఇనుము లోపం ఉన్నవారిలో కొంత ఎక్కువ చూపవచ్చు. విశాఖ, గోదావరి మన్యంలోనూ, ఆదిలాబాద్ ఏజెన్సీలోనూ సికిల్ సెల్ వ్యాధి ఉన్న కుటుంబాలున్నాయి. ఆ వ్యాధి ఉన్నవారికి హెచ్‌బీఏ1సీపై ఆధారపడక నేరుగా చక్కెర కొలిచి చూడటమే పద్ధతి.

ఇంట్లో వాడే గ్లూకోమీటరుదీ ఇదే బాధ. వేలి కొసన తీసిన చుక్కలో ఎర్రకణాల వాటా బాగా తక్కువైతే పలు మీటర్లు చక్కెరను ఎక్కువ చేసి చూపుతాయి. వాటా ఎక్కువైతే తక్కువ చేసి చూపుతాయి. తీవ్ర రక్తహీనత ఉన్న వ్యక్తి మీటరు అంకెను నమ్మి ఇన్సులిన్ మోతాదు పెంచుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోయే అవకాశముంది. స్ట్రిప్పుల డబ్బాలో మడిచి పెట్టే కరపత్రంలో ఆ మీటరు ఎంత హెమటోక్రిట్ వరకు సరిగా పనిచేస్తుందో రాసి ఉంటుంది. చాలామంది దాన్ని విప్పకుండానే పారేస్తారు.

రక్తం తీసే గొట్టాల విషయం కూడా తెలుసుకోవాలి. చక్కెర పరీక్షకు బూడిద రంగు మూత గల గొట్టం వాడతారు. అందులోని ఫ్లోరైడ్ కణాలు చక్కెరను తినేయకుండా అడ్డుకుంటుంది, అదీ మొదటి గంట రెండు గంటలు గడిచాకే పూర్తిగా. ఫ్లోరైడ్ లేని గొట్టంలో గంటకు సుమారు 5 నుంచి 7 శాతం చక్కెర తగ్గిపోతుంది. సీబీపీకి ఊదా రంగు మూత గొట్టం. మండల కేంద్రంలో తీసిన రక్తం జిల్లా కేంద్రంలోని ల్యాబుకు చేరేసరికి ఆలస్యమై, గది వేడిలో ఒక రోజంతా ఉండిపోతే అందులోని ఎర్రకణాలు వాటంతటవే ఉబ్బుతాయి. అప్పుడు చక్కెర మామూలుగా ఉన్నవారి కాగితంపైనా ఎంసీవీ పక్కన అదే బాణం గుర్తు పడుతుంది.